అడ్డుచెక్క

నాలుగు స్పీకర్లు, ఒక్కోటి పన్నెండు అంగుళాలు.
కోల్‌కతా నుంచి పార్సిల్లో వచ్చాయి,
పెట్టె లేకుండా.
పెట్టె ఎవరు చేస్తారని జ్ఞానాపురమంతా తిరిగాను.
మంచాలు చేసేవాళ్ళు నవ్వారు.
శవపేటికలు చేసే ఇగ్నేషియస్ గారు మాత్రం
కొలతలు శ్రద్ధగా రాసుకుని
"పొడుగు చాలదే" అన్నారు.

చివరికి ఫిషింగ్ హార్బర్‌లో దొరికాడు దాలయ్య.
బోట్లు కట్టే మనిషి.
ఎడమ చెవిని ఎప్పుడో ఇంజను తినేసింది.
కుడి చెవి నా నోటి దగ్గర పెట్టి మొత్తం విన్నాడు:
రెండు ఆంప్లిఫయర్లు, ఒకటే పెట్టె,
ఎడమ రెండిటికి ఒక తీగ, కుడి రెండిటికి ఒక తీగ,
దీని గాలి దానికి తగలకూడదు.

"అయితే మద్దిన అడ్డుచెక్క ఎయ్యాల" అన్నాడు,
"సేపల గదికీ ఇంజను గదికీ ఏసినట్టు.
లేపోతే సేపకి డీజిలు కంపు."
కాసేపు గడ్డం గోక్కున్నాడు.
"నీల్లు లోపలికి రాకుండా కట్టడం తెలుసు బాబూ.
గాలి బయటికి పోకుండా కట్టడం ఇదే మొదలు."

పదిహేను రోజులు కట్టాడు.
మామూలు ప్లైవుడ్డే, కానీ అతుకు అతుకుకీ
దూది కూరి, గుగ్గిలం కాచి పోశాడు.
మొదటి వారం ఏ తీగ మీటినా
గదినిండా కొత్త పడవ వాసన.

వెనక రేకుకి రెండు కన్నాలు నేనే తొలిచాను.
ఎనిమిది ఓములని రాసుకున్న చోట
మీటరు ఆరున్నరే చూపించింది.
భయపడి ఫెలిక్స్‌కి ఫోన్ చేస్తే, అది అంతే, పడుకోమన్నాడు.

మర్నాడు సాయంత్రం, మేడ మీద,
గూడ్సు బండి వెళ్ళేదాకా ఆగి
ఒక్క మీటు మీటాను.
ఎడమ నుంచి బయల్దేరిన స్వరం
కుడికి చేరేలోపు ఎక్కడో తడిసి వచ్చింది.
డిలే కూడా కలిపాను.
టక్కున ఇటు, టక్కున అటు,
వలని ఇద్దరు చెరోవైపు పట్టుకుని దులుపుతున్నట్టు.
రెండో ఆంప్లిఫయరు మీద ఇంకా మిగిలిన
పద్నాలుగు వాయిదాలు
ఆ కాసేపూ గుర్తు రాలేదు.

తర్వాత పొడుగు కేబులు తగిలించి వెనక్కి నడిచాను.
మూడు అడుగులు: ఇద్దరు.
ఆరు అడుగులు: ఒకరి భుజం మీద ఒకరి చెయ్యి.
నీళ్ళ ట్యాంకు దగ్గరికి వెళ్ళేసరికి
ఒక్కడే.
ఎవడో గిటారు వాయిస్తున్నాడు
ఎవరి మేడ మీదో.

రెండున్నర అడుగుల పెట్టెలో
ఎడమకీ కుడికీ ఎంత దూరముంటుంది?
రెండు పెట్టెలు చేయించాల్సింది, అన్నాడు ఫెలిక్స్.
ఆ ముక్క గుగ్గిలం కాచకముందు అనొచ్చుగా.

దాలయ్య మిగతా డబ్బుల కోసం వచ్చాడు.
వినిపించమన్నాడు. సిగ్గేసింది నాకు,
ఒంటి చెవి మనిషికి రెండు వైపుల సంగతి ఏం చెప్పను?
పెట్టె ముందు గొంతుకూర్చున్నాడు.
కుడి చెవి ఇటు పెట్టాడు. తల తిప్పి అటు పెట్టాడు.
మళ్ళీ ఇటు.
ఒకదాని తర్వాత ఒకటిగా
రెండూ పోగుచేసుకున్నాడు.
ఆపైన లేచి, రెండు అరచేతులూ
పెట్టె రెండు చెంపలకీ ఆనించి
కళ్ళు మూసుకున్నాడు.

"ఈ పక్క ముందలొస్తంది, ఆ పక్క ఎనకాల.
మద్దిన నా సెక్క కదల్లేదు."

అదొక్కటే చూసుకోడానికి వచ్చాడు.
డబ్బులు లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం చర్చిలో ఫాదర్ అడిగారు,
ఒక పెట్టెకి రెండు తీగలెందుకు,
జనానికి ఏమైనా తేడా తెలుస్తుందా అని.
తెలీదు ఫాదర్.
ఆఖరి బెంచీకి ఒకటే. మొదటి బెంచీకీ ఒకటే.

పైగా ఉప్పుగాలికి నెలకోసారి
కుడి కన్నం చిలుము పడుతుంది. గీకుతాను.

పెట్టెకి రెండడుగుల ముందు, నేల మీద
సుద్దముక్కతో ఒక గీత గీసుకున్నాను,
నా పాదాలు పట్టేంత.
అక్కడ నిలబడితే ఇద్దరుంటారు.
సోమవారం దేవమణి తడిగుడ్డతో దాన్ని తుడిచేస్తుంది.
ఆదివారం పొద్దున్నే, ఎవరూ రాకముందు
మళ్ళీ వెతుక్కుంటాను,
తీగ మీటుతూ,
ఒక అడుగు వెనక్కి,
అర అడుగు ముందుకి.