మెట్ల కింద గూట్లో

వల్పరైసోలో గాలి రేగిన రాత్రి
మా కొండ మీద ముందుగా పోయేది కరెంటు.
తిరిగొచ్చేసరికి ఇంటి అంకెలు మారిపోయి ఉంటాయి.
గోడలు అవే, నీలం రేకులు అవే,
గుమ్మంలో సగం విరిగిన మూడో మెట్టూ అదే.
ఇంటర్నెట్ కంపెనీ మాత్రం కొత్త అడ్రస్ చేతిలో పెట్టి
నిన్నటిది మరిచిపొమ్మంటుంది.

మెట్ల కింద గూట్లో, ఉల్లిపాయల బుట్ట పక్కన
రెండు డిస్కుల నల్ల పెట్టె.
దాన్నిండా నా ముప్పయ్యొక్క ఏళ్లు:
గవియోటా లిఫ్టు కొండెక్కే చప్పుడు,
వానలో ఇనుప తీగ మూలుగు,
పళ్లచక్రం నూనె అడిగినప్పటి కీచు,
టికెట్టు కిటికీలో చిల్లర పడ్డ మోత.
లిఫ్టు ఆగి ఆరేళ్లు.
తుప్పు తన పని తాను చేసుకుపోతోంది.

వారానికి మూడుసార్లు
కిందికి దిగి, బస్సెక్కి, ఆస్పత్రి కుర్చీలో
నాలుగేసి గంటలు నా నెత్తుటిని మిషనుకి అప్పగిస్తాను.
అది కడిగి తిరిగిచ్చేదాకా చెవులకి పనేం లేదు.
ఆ చప్పుళ్లు అక్కడ వినాలి. అంతే.

ఎదురింటి యస్నా వచ్చింది,
ఓడరేవులో క్రేన్లకి వైర్లు మార్చే పిల్ల.
గూటి ముందు చతికిలబడి, మోకాళ్లకి ఉల్లిపొట్టు అంటించుకుని,
"అంకెల్ని నమ్ముకోకు, దోన్ రోసమెల్, పేరు పెట్టుకుందాం" అంది.
"ఐదు నిమిషాలకోసారి పెట్టె తన్ను తాను తడిమి చూసుకుంటుంది.
అంకె మారిందా, పేర్లు రాసుకునే చోటికి కబురంపుతుంది,
ఇదిగో, ఇప్పుడు ఇక్కడున్నానని."
డైనమిక్ డీఎన్ఎస్ అట. నాకు నోరు తిరగలేదు.

నా పేరు ఎవరో ఎప్పుడో తీసేసుకున్నారు.
లిఫ్టు పేరూ పోయింది, ఏ చేపలకొట్టువాడికో.
చివరికి మా ఆవిడ ఇంటిపేరుకి
నేను నడిపిన పెట్టె నంబరు తగిలించాం:
ఒయానెదెల్-రెండు.
వంటింట్లోంచి కత్తిపీట ఆగకుండానే ఆవిడ గొంతు,
"బతికుండగానే నన్ను గూట్లోకి తోశారన్నమాట."

ఇల్లలకగానే పండగా?
రౌటర్లో పోర్టు తెరిచాక కూడా
సోఫాలో కూర్చుని పేరు కొడితే పలకలేదు.
రెండుసార్లు. ఐదుసార్లు.
యస్నా బుగ్గ కొరుక్కుని, ఉన్నట్టుండి నవ్వింది.
"లోపల కూర్చుని మన తలుపు మనమే తడుతున్నాం.
వీధిలోకి పోవాలి."

వైఫై ఆపి, చెప్పులేసుకుని
మలుపు దగ్గర స్తంభం దాకా నడిచాం.
అక్కడ నిలబడి, పరాయివాళ్లలా
మా ఇంటిని పేరు పెట్టి పిలిచాం.

కొంచెం ఆలస్యం.
తర్వాత నా అరచేతిలో తీగ మూలిగింది.
కుక్కొకటి తలెత్తి కొండ పైకి చూసింది.

ఆ రాత్రే ఎవరెవరో తలుపు కొట్టారు.
తెల్లారి యస్నా చిట్టా చూపించింది:
అడ్మిన్, అడ్మిన్, అడ్మిన్, నాలుగొందల సార్లు.
పాస్‌వర్డు బారెడు చేసింది.
దాన్ని నేను పాత టోపీ లోపలి పట్టీ మీద రాసుకున్నందుకు
రెండ్రోజులు మాట్లాడలేదు.

నెలకోసారి ఆ పేర్ల కంపెనీ నుంచి ఉత్తరం,
ఇంకా ఉన్నావా? ఉంటే ఇక్కడ నొక్కు.
నొక్కుతాను.
నర్సు కూడా ఇంచుమించు ఇదే అడుగుతుంది,
చీలమండ మీద వేలు నొక్కి, గుంట ఎంతసేపుంటుందో చూస్తూ.

జూన్‌లో ఒక మంగళవారం పేరు పలకలేదు.
కొండ మీద గాలి. అనుకున్నాను.
గడియారంకేసి చూడకూడదనుకుంటూ చూశాను.
తొమ్మిది నిమిషాలకి కీచు, చిల్లర,
దాని వెనక ఎప్పటిదో నా గొంతే,
ఇంకొకళ్లకి చోటుంది, రండి, రండి.

పక్క కుర్చీ ఒస్వాల్దినా ఒక ఇయర్‌ఫోన్ అడిగి పెట్టుకుంది.
చాలాసేపు విని,
"ఇదెక్కణ్ణించి వస్తోంది?" అంది.

మెట్ల కిందనుంచి, అన్నాను. ఉల్లిపాయల పక్కన.