లోపలి గడియ

సాయంత్రం ఆరుంబావుకి
కంపెనీ బస్సు గేటు దాటుతుంది.
అప్పటికి నా వేళ్లు నావి కావు.
పొద్దుట్నించీ ఐసులో ఉండి ఉండి
ఎవరివో పది వేళ్లు
ఒళ్లో పెట్టుకుని కూర్చున్నట్టుంటుంది.

తల గిల్లడం, తోలు ఒలవడం, నల్లనరం లాగడం,
కిలోకి ముప్పయ్యా నలభయ్యా అని వేరుచేయడం.
రొయ్యకి నొప్పి తెలీదంటాడు సూపర్‌వైజరు.
మాకూ తెలీదనే అనుకుంటాడేమో.

కొడవలూరు దాటి బస్సు తూర్పుకి తిరిగితే
నలభై నిమిషాలు నావి.
కళ్లు మూస్తాను.
నిద్ర అనుకుంటారు అందరూ.
అనుకోనీ.

గది కట్టడం మొదలుపెట్టింది పోయిన వానల్లో.
ముందు తలుపు పెట్టాను, గోడలు తర్వాత.
తలుపుకి లోపలివైపు గడియ.
మా ఇంట్లో ఐదుగురం, ఉన్నది ఒకటే గది.
దానికీ గడియ ఉంది, దొంగల కోసం.
నా కోసం వేసుకున్నది ఎప్పుడూ లేదు.

గోడలకి మొదట నీలం వేశాను.
రెండ్రోజులకి తెలిసింది
అది మా ఏప్రన్ల నీలమని.
గీకేశాను.
నెల్లాళ్లు రంగు లేకుండానే ఉన్నాయి.
రంగు లేని గోడ ఎలా ఉంటుందని అడక్కండి,
ఉండింది, అంతే.
ఒకరోజు బస్సు టాపు మీద వాన మోగుతుంటే
కప్పు వేయడం మర్చిపోయానని గుర్తొచ్చింది.
తడుస్తూనే తాటాకు కప్పుకున్నాను.
పడమటి గోడ మాత్రం ఇప్పుడు
నాలుగింటి ఎండకి కాగిన మట్టిగోడ.
వీపు ఆనిస్తే
వెన్నులోంచి మోచేతులకి, మోచేతుల్లోంచి గోళ్లకి
వెచ్చదనం నడిచొస్తుంది,
అప్పు లేని మనిషి బజార్లో నడిచినట్టు
తొందర లేకుండా.

ఒక కుర్చీ. చేతులున్న కుర్చీ.
ఒక గూడు, అందులో ఏమీ పెట్టలేదు,
ఖాళీగా ఉండే చోటు ఒకటైనా ఉండాలని.
గడియారం లేదు.
కిటికీ అవతల నిమ్మచెట్టు,
పొదలకూరు కాయ, పలచటి తోలుది.
ఇంటి దగ్గర రోజూ అరచెక్క రుద్దుకుంటాను చేతులకి,
అయినా అన్నం కలిపి పెట్టేటప్పుడు
మా చిన్నోడు ముక్కు పక్కకి తిప్పుకుంటాడు.
అక్కడ రుద్దక్కర్లేదు.
గాలే రుద్దుతుంది.

ఊరికే కూర్చుంటాను.
ఏమీ ఆలోచించనని గొప్పలు చెప్పను,
చీటీ పాట గుర్తొస్తుంది, గ్యాసు బండ గుర్తొస్తుంది.
వచ్చినవాటిని వాకిట్లోనే నిలబెట్టి
ఇప్పుడు కాదు, విడవలూరు దాటాక రమ్మంటాను.
కొన్ని వింటాయి.

ఒకసారి సూపర్‌వైజరు గొంతు లోపలికొచ్చేసింది,
"ఎనిమిదో టేబులు, చేతులాడటం లేదేం?" అని.
గది గదంతా ఐసు.
మూడ్రోజులు అటు పోలేదు.

నిన్న కల్వర్టు దగ్గర బస్సు ఎగిరిపడితే
కళ్లు తెరిచాను.
పక్కసీటు మస్తానమ్మ నన్నే చూస్తోంది.
"రోజూ యాడికి పోతావు మే,
మొకం అట్టా తేటపడతాది?"
చెప్పాను. ఎందుకు చెప్పానో.
గుసగుసగా, దొంగసొమ్ము చూపించినట్టు.
నవ్వుతుందనుకున్నా.
"నాది గది కాదు మే," అంది,
"ఇసకలో బోర్లించిన పడవ.
దాని కింద దూరి పడుకుంటా.
తారు వాసన.
సముద్రం ఇనబడతాది, కనబడదు.
నేనూ ఎవురికీ కనబడను."

ఆపైన ఇద్దరం మాట్లాడలేదు.
డ్రైవరు ఖాజావలి లోపలి లైటు ఆర్పేశాడు.
చీకట్లో ముప్పై నాలుగు తలలు
బస్సుతో పాటు ఊగుతున్నాయి,
ఎవరెవరు ఎక్కడున్నారో.

ఈరోజు పోయి గడియ వేసుకున్నాను.
రెండో కుర్చీ వేద్దామా అని
చాలాసేపు చూశాను.
వేయలేదు.
ఒకటే కుర్చీ పట్టే గది, అట్లా కట్టుకున్నాను మరి.
కిటికీని మాత్రం
నిమ్మచెట్టు పక్కనుంచి కాస్త జరిపాను.
ఇప్పుడు దూరంగా ఇసక కనిపిస్తోంది,
ఇసక మీద బోర్లించిన పడవ.
దాని కింద ఎవరున్నదీ
నేను చూడను.