ఎండుగడ్డి

రొయ్యల గుంట ఉప్పునీళ్లు
మా నారుమడి కాలవలోకి వదలొద్దు.
అంతే నేననింది,
అల్లూరు సెంటర్లో, టీ గ్లాసు చేతిలో పట్టుకుని.

చెంచురామయ్య నాతో వాదించలేదు.
నా పక్కన ఇంకొకణ్ణి నిలబెట్టాడు:
నా చొక్కా, నా తలగుడ్డ, లోపలంతా వరిగడ్డి.
"గుంటలన్నీ పూడ్చేయాలంట!
మన పిల్లోళ్ల నోట్లో మన్ను కొట్టాలంట!"

బల్లల మీంచి జనం లేచారు.
వాణ్ణి తిట్టారు, తన్నారు, తగలబెట్టారు.
భలే మండాడులే, ఎండుగడ్డి గదా.
ఒక దశలో నాకే
వాడి మీద చెయ్యెత్తబుద్ధేసింది.

చెంచురామయ్యకు ఎవరో ఇంకో టీ చెప్పారు.
నా గ్లాసులో మీగడ కట్టింది.

తెల్లారి మడికాడికి పోతే
నారు కొనలు ఎర్రబారి ఉండాయి.
కాలవలో వేలు ముంచి
నాలిక్కి రాసుకున్నా.

నేననింది ఇదొక్కటే, అబ్బయా.