మూరెడు దూరం

లేదంటాంది కంప్యూటర్.
మూరెడు దూరంల, అదే బల్ల మీద
గుడ్డ తీసి కూసోబెట్టిన ప్రింటర్‌ను
ఆఫ్‌లైన్ అంటాంది.

కాశిబుగ్గల తెల్లారకముందే
మిర్చి ఘాటు కిటికీలకెళ్లి లోపలికొస్తది,
ఎనుమాముల యార్డుకు ట్రాలీలు పోతానయి.
పది గొట్టేవరకు సేటుకు తక్‌పట్టీలు ఇయ్యాలె
కార్బన్ కాయితం మీద, ఒక్క దెబ్బకు మూడు నకళ్లు.
గా పని కొత్త ప్రింటర్లకు రాదు
అవి సిరా చల్లుతయి గని గుద్దయి.

పాత డబ్బాకు వెనుక వెడల్పు నోరుండె.
కొత్తదానికి అన్నీ చీమ కండ్లే.
నక్కలగుట్టల నాలుగు వందల యాభై పెట్టి
నడుమ కలిపే తీగ తెచ్చిన,
భాష కలవని ఇద్దరికి దళారి.

"డ్రైవర్ లేదాంటీ" అన్నడు ఎదురింటి రిషిత్.
డ్రైవర్ లోపల్నే పండుకున్నడు బిడ్డా,
రాత్రి ఖమ్మం నుంచి డీసీఎం తోలుకొచ్చి, అన్న.
వాడు నవ్వలే.
తీసిండు, పెట్టిండు, ఆపి మల్ల ఏసిండు,
పోర్టు పేరు మార్చిండు,
మార్చినప్పుడల్లా ఒక ప్రింటు కొట్టి చూసిండు:
బొంత కొంరెల్లి, నల్లబెల్లి, నాలుగు బస్తాలు.
కిక్కురుమనలే.
కాలేజీకి యాళ్లయితాందని పోయిండు.

ఫోన్ లైటు పండ్ల నడుమ పట్టుకొని
బల్ల కిందికి దూరిన.
పాత కేబుల్ కొసకు ఇరవై ఐదు ముల్లులుండాలె.
రెండుసార్లు లెక్కవెడితె ఇరవై నాలుగే.
మూడోసారి కనవడ్డది,
పక్కదాని మీద తల వాల్చి.
పుస్తెలతాడుకున్న పిన్నీసు తీసి
ఊపిరి బిగవట్టి నిలవెట్టిన.
కొత్తవాడల అమ్మ పక్కన కూసోని
దర్రీల పోగులెక్కించిన చెయ్యి ఇది,
వణకలే.

కిర్రుమన్నది.
ఇల్లంత కిర్రుమన్నది.
గప్పటిదాంక యాడ నిలవడ్డయో
పదకొండు తక్‌పట్టీలు ఎనకెనక,
బొంత కొంరెల్లి, బొంత కొంరెల్లి,
నాలుగు బస్తాలు నలభై నాలుగైనయి.
నిజంగ పండితె ఎంత మంచిగుండు.
ప్రతి పేరు నడిమిట్ల సన్నటి తెల్లగీత,
తలకాయల ఒక సూది ఎప్పుడో చచ్చింది.
రైతులు పేరును పట్టించుకోరు,
పైసల అంకె మీద గీత వడ్డదా అనే చూస్తరు.

"గీ మోతేందే" అని లోపల్నుంచి ఆయిన.
చిల్లుల పట్టీలు చింపుకుంట
కొంరెల్లిని ఒక్కణ్ని ఏరి పక్కకు పెట్టిన,
మిగిలిన పదిమంది
చిన్నదాని లెక్కలకు పనికొస్తరు.

తెర మీద ఇంకా ఆఫ్‌లైన్ అనే ఉన్నది.
ఉండనీ.