రెండో తొక్కు

అమ్మినాయన గుంటూరులో హోమియో డాక్టరు.
అబద్ధమైతే చెప్పలేదు పాపం.
"బ్రేకు మొదటి తొక్కుకి పలకదమ్మా,
రెండోదానికి పలుకుతుంది" అన్నాడు
తెల్ల గోళీలు పొట్లం కట్టినంత నెమ్మదిగా.
నలభై రెండు వేలు.
ఇరవై ఏళ్ల మారుతి.
తలుపేస్తే ఖాళీ నూనెడబ్బా చప్పుడు.

కృష్ణలంకలో నా కర్రీ పాయింటు నుంచి
భవానీపురం ఆఫీసులకి
రోజూ పదకొండున్నరకి బయల్దేరతాం.
ముందు సీట్లో సాంబారు క్యాను, దానికి బెల్టు.
వెనక దొండకాయ వేపుడు, పప్పు, మామిడికాయ తొక్కు.
మీటరు ముల్లు ఎప్పుడో పోయింది.
నా వేగం సాంబారుకే తెలుసు,
మూత అంచు తడిస్తే ఎక్కువైనట్టు.

రెండు తొక్కుల బండి నడిపితే
కళ్లు ముందుకు పాకుతాయి.
ఆటో తిరగకముందే డ్రైవరు మోచెయ్యి కనపడుతుంది.
సిటీ బస్సు ఎక్కడ పక్కకి ఒరుగుతుందో,
గేదె మనసులో ఏముందో కూడా.
ఆగాల్సిన చోటుకి చాలా ముందే
సగం ఆగిపోయేదాన్ని.
ఇంట్లోనూ అదే అలవాటైంది,
పాలబ్బాయి నోరు తెరవకముందే
బాకీ ఎంతో నేనే చెప్పేదాన్ని.

మొన్న శనివారం
దుర్గమ్మ ఫ్లైఓవరు దిగుతుంటే
మొదటి తొక్కు, లేదు.
రెండో తొక్కు, లేదు.
మూడోది నేలకి తగిలింది.
ఎడం పక్క కృష్ణ, తనకేం పట్టనట్టు.
ఎదురుగా ఇటుకల ట్రాక్టరు.
మూడో గేరు, రెండో గేరు, బండి గొంతు చించుకుంది.
హ్యాండుబ్రేకుని చెవి మెలేసినట్టు లాగాను.
ట్రాక్టరు వెనక రాయించుకున్న పిల్లల పేర్లు
చిన్నవల్లా పెద్దవయ్యాయి.
హేమంతు. జాహ్నవి.
జాహ్నవి పక్కన గీసిన పువ్వుకి
జానెడు దూరంలో ఆగాను.
సాంబారు మాత్రం ఒక్క చుక్క తొణకలేదు.

ఆటోనగర్లో యేసుపాదం
చక్రం పక్కన గొంతుక్కూర్చుని
లోపలి తడి వేలికి రాసుకుని వాసన చూశాడు,
నేను పోపు వాసన చూసినట్టే.
"మాస్టర్ సిలిండరు కారిపోతంది. లైన్లో గాలి చేరింది.
ఆయిలు నలగదమ్మా, తొక్కిన తొక్కు చక్రానికి చేరుద్ది.
గాలట్టా కాదు. నలుగుద్ది. ఊఁ అంటది.
పని చెయ్యదు."
మా మరిది గుర్తొచ్చాడు.

"పాతదేస్తే మీకు పన్నెండొందలు మిగులుద్ది,
కొత్తదేస్తే నాకు నిద్ర మిగులుద్ది" అన్నాడు.
చీటీ కట్టాల్సిన డబ్బు తీసిచ్చాను.

తను బండి కింద. నేను సీట్లో.
"తొక్కండి. పట్టండి. వదలండి."
సన్నటి గొట్టంలోంచి సీసాలోకి
నల్లటి ఆయిలు, బుడగలు బుడగలుగా
ఆర్నెల్లు నేను నమ్ముకున్న గాలి.
కనిపించని మనిషి గొంతు ఏది చెబితే
నా కాలు అది చేసింది, నలభైసార్లు.
చివరికి పెడలు
కత్తిపీటకి పచ్చి కంద తగిలినట్టు
ఎదురు నిలబడింది.

సోమవారం. బస్టాండు ముందు ఎర్రలైటు.
అలవాటు కొద్దీ దూరం నుంచే
గట్టిగా తొక్కాను.
మొదటి తొక్కుకే
బండి ఉన్నచోటే మేకు కొట్టినట్టు నిలబడింది.
వెనక ఆటో అతను నా ఏడుతరాలనీ తలుచుకున్నాడు.
మూత ఎగిరి, సాంబారు
డాష్‌బోర్డు మీంచి, నా కొంగు మీంచి,
కొత్త సిలిండరు బిల్లు మీంచి
మునక్కాడలతో సహా.

పచ్చలైటు పడ్డా కదల్లేదు.
ఇంగువ వాసనలో కూర్చుని
మొదటిసారే పలికినవి ఇదివరకు ఏమున్నాయా అని
వేళ్లు మడుస్తున్నాను.
కుళాయి కాదు. గ్యాసు ఆఫీసు కాదు.
బొటనవేలు దాటలేదు లెక్క.

రాత్రి ఉల్లిపాయల ముందు కూర్చుంటే
కత్తిపీట మీద కుడిపాదం
తనంతట తానే
ఇంకోసారి తొక్కింది.