ఏడో చెరువు పక్క పేజీ

కాలవ కట్టేసే ముందురోజు
ముప్పై లీటర్లు పట్టి, మరగబెట్టి, మూత పెట్టాను.
మలికిపురంలో బోరు నీళ్లతో టీ పెడితే
సముద్రం ఓ గుక్క తాగి ఇచ్చినట్టుంటుంది.
ఏ వంటకైనా మొదటి దినుసు నీళ్లే.
రొయ్యల చెరువులు పరీక్ష చేసి చేసి
పదకొండేళ్లుగా నాకు తెలిసింది ఇదొక్కటే.

మొదటి వాయ జనవరిలో వేశాను.
ఎర్రగా, చిక్కగా, పాకంలా వచ్చింది బీరు.
ఒక గ్లాసు తాగితే
పెళ్లి భోజనం చేసి ఎండలో నిలబడ్డట్టు.
పైగా, బార్లీ నానేసిన ఐసుపెట్టెని ఎంత తోమినా
అడుగున ఎక్కడో ఒక రొయ్య
తన మాట తను చెప్పుకుంటూనే ఉంది.

ఇప్పుడు రాసేది రోహిణి కార్తెకి.
రాయడం అంటే ఇక్కడ కొట్టేయడమే.
మాడిన గింజ కొట్టేశాను.
తాటిబెల్లం దగ్గర పెన్ను కాసేపు ఆగింది,
అదీ కొట్టేశాను.
ఎండుగడ్డి రంగు మొలక బార్లీ మూడున్నర కిలోలు,
ఒళ్లు తేలికపడటానికి
అరకిలో స్వర్ణ నూకలు, గంజిలా కాచి.
పెట్టె కొత్తది కొన్నాను.

చేదు ఎంత?
కాకరకాయంత వద్దు. మెంతిగింజంత.
నాలుక మీద అద్దెకుండాలి గానీ
ఇల్లు కొనుక్కోకూడదు.
హాప్స్ పూలు పచ్చటి మాత్రలై వచ్చాయి.
వాసన చూసి మా ఆయన సత్యకేశవ
"ఇది గేదెకా, నాకా?" అన్నాడు.

దబ్బ తొక్క, కత్తికి తెలుపు తగలకుండా.
ధనియాలు నలిపి, పొడి కానివ్వకుండా, చిటికెడు.
రెండు చిటికెలైతే అది చారు.

ఇక ఈస్టు.
బెంగళూరు నుంచి కొరియర్లో దిగిన వేలెడు పొట్లం,
పుట్టిల్లు బెల్జియం.
దాని తోటివి మన వేడికి సొమ్మసిల్లుతాయట,
ఇది ఉక్కలో ఒళ్లు విరుచుకుంటుంది.
అలాగని వదిలేశామా,
రావులపాలెం అరటి మార్కెట్టంతా సీసాలోకి దిగుతుంది.
ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర పట్టి ఉంచితే లవంగం వస్తుంది,
మన నోట్లో ఉన్నంత కాదు,
పక్కన కూర్చున్నవాళ్ల నోట్లో ఉన్నంత.

అందుకే డ్రమ్ముకి తడిగోనె చుట్టాను.
కరెంటు పోగానే
చెరువుగట్ల మీద వాళ్లు జనరేటర్ కేసి పరిగెడతారు,
నేను చెంబు పట్టుకుని.

పొద్దువాలాక తాడి దిగి
పెచ్చెట్టి సూరన్న వచ్చాడు, భుజాన ఇంకా మోకు.
"ఎన్నాళ్లండి ఇది?"
"మూడు వారాలు."
"ఆయ్! మాది పొద్దున్న తీపి, మధ్యాన్నం పులుపు,
రేపటికి ఎవడికీ అక్కర్లేదండి."
వంగి డ్రమ్ముకి చెవి ఆనించాడు.
బుడగ.
చాలాసేపు ఏమీ లేదు.
బుడగ.
"లొట్టిలోనూ ఇదే మాటండి," అన్నాడు,
"ఇది కాస్త ఆలోచించుకుని మాట్టాడుతుంది."
తాగి చూడమంటే మాత్రం
పండాక పిలవమని మోకు సర్దుకున్నాడు.

సాంద్రత వెయ్యి నలభై నాలుగు నించి
రోజుకింత దిగి
వెయ్యి తొమ్మిది దగ్గర కూర్చుంది.
వేరే పుస్తకం లేక
చెరువుల రిజిస్టర్లోనే రాశాను,
ఏడో చెరువు పక్క పేజీలో.

మా ముందుగదే ల్యాబు.
నిన్న నీళ్ల సీసాలు తెచ్చిన ఉద్దరాజు గారు
నేను లోపలికి వెళ్లొచ్చేలోగా
వేలు పెట్టి చదివేస్తున్నారు:
ఉప్పు సున్నా. పీహెచ్ నాలుగుంబావు. వేడి ఇరవై నాలుగు.
"ఎవరిదమ్మా ఈ చెరువు?
ఇందులో రొయ్య బతకదే!"
"బతకదండి."
"మరి ఏం వేశారు?"

ఫ్యాను నెమ్మదించి, ఆగిపోయింది.
ఒక్క నిమిషం అండి, అన్నాను,
చెంబు కోసం చూస్తూ.