ఐదో కాలం

మా ఊళ్ళో కాలాలు ఐదు.
నాలుగు అందరికీ వచ్చేవే.
ఐదోదాన్ని హాలిస్తె నది మోసుకొస్తుంది,
మంచు కరిగి, ఒడ్డు మరిచి,
కంచెలు దాటి, గడప దాకా.
ఎప్పుడొస్తుందో క్యాలెండరుకి తెలీదు.
కొన్నేళ్ళు అసలు రాదు.

నా ముఖంలో కుడి సగం
నవంబరులో ఒక మంగళవారం
చెప్పాపెట్టకుండా సెలవు పెట్టింది.
విల్యాందిలో డాక్టరమ్మ టార్చి వేసి చూసి
"నరం అలిగింది, తిరిగి రావచ్చు" అంది.
ఆ "రావచ్చు"ని
బస్సు టికెట్టుతో పాటు కోటు జేబులో వేసుకుని
ఇంటికొచ్చాను.

తాగిన టీ పెదవి మూల నుంచి కారిపోయేది.
రాత్రి కన్ను మూతపడదు.
కాగితపు ప్లాస్టరు అంటించి నిద్రపుచ్చాలి దాన్ని,
మొండి పిల్లని పడుకోబెట్టినట్టు.
పెదవులు కలిస్తే తప్ప పుట్టని అక్షరాలు కొన్నుంటాయి,
అవన్నీ నన్ను విడిచి వెళ్ళాయి.
మైము అని నా పేరు చెప్పాలంటే
రెండుసార్లు కలవాలి పెదవులు.
ఫోనులో ఎవరని అడిగితే "నేనే" అనేదాన్ని.
సరే, చాలు, ఇంకోసారి, ఏదీ లేదు -
ఈ నాలుగు మాటలతోనే
చలికాలమంతా నెట్టుకొచ్చాను.
అద్దానికి తువ్వాలు కప్పాను.
మూడింటికే పొద్దుగూకే ఊరు మాది,
దాక్కునేవాళ్ళకి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

బుగ్గ పూరించమంది డాక్టరమ్మ. ఈల వెయ్యమంది.
పొయ్యి ముందు కూర్చుని ఈల వేస్తే
ఉత్త గాలి.
పిల్లి కూడా తల తిప్పేది కాదు.

ఏప్రిల్లో ఓ తెల్లవారుజామున
మెట్ల దగ్గర ఎవరో గుటకలు వేస్తున్న చప్పుడు.
తలుపు తీస్తే నీళ్ళు.
కట్టెల దొంతరలోంచి ఒక్కో దుంగా
సెలవు తీసుకుని వెళ్ళిపోతోంది.
ఎండెల్ పడవేసుకుని వచ్చాడు,
రై రొట్టె, పాలు, టార్చికి బ్యాటరీలు.
ఒంటి దుంగ తొలిచి, మంట మీద కాచి,
తడిపి తడిపి, అంగుళం అంగుళం
తనే విప్పుకున్న పడవ అది.
ముందు కూర్చుంది మనవరాలు లీసి,
పై పళ్ళు రెండూ లేవు.

"ఎక్కు" అన్నాడు.
రుమాలు ముఖం మీదికి లాక్కుని ఎక్కాను.
నా పెరటి మీదే తేలుతున్నాం.
అడుగున బంగాళాదుంపల మడి,
నిరుడు పోయిందనుకున్న తోటపార.
లీసి నీళ్ళలోకి వంగి
"తాత ముక్కు పక్కకెళ్ళింది!" అని అరిచింది.
చూశాను.
తాత ముక్కు, లీసి చెవులు,
మా పొగగొట్టం, బిర్చి చెట్ల తెల్లటి కాళ్ళు,
ఏదీ తిన్నగా లేదు.
వాటి మధ్య నా ముఖం
ఎవరూ పట్టించుకోనంత మామూలుగా ఉంది.

నవ్వొచ్చింది. సగమే వచ్చింది.
"రెండోది ఏదీ?" అంది లీసి.
"ఇంకా దారిలో ఉంది."
"నా పళ్ళు కూడా" అంది.

ఆ సాయంత్రం నేల తుడవడానికి గుడ్డలు చాలక
అద్దం మీది తువ్వాలు లాగాను.
మళ్ళీ కప్పలేదు.
ధైర్యం వచ్చి కాదు,
అది ఆరలేదు, అంతే.

నీళ్ళు వెళ్ళాక కొట్టం గోడ మీద
ఇంకో గీత మిగిలింది.
ఎండెల్ మేకుతో పక్కనే సంవత్సరం గీశాడు,
పెంచుకుంటున్న పిల్ల ఎత్తు కొలిచినట్టు.
వేసవిలో దోమలు
రెండు బుగ్గల్నీ ఒక్కలాగే చూశాయి.
సెప్టెంబరులో, బురద నేలల్లో ఏరుతూ ఏరుతూ
ఒక పచ్చి క్రాన్‌బెర్రీ కొరికితే
ఆ పులుపుకి కుడి కన్ను ఓసారి చికిలించింది.
ఎవరికీ చెప్పలేదు.

మళ్ళీ నవంబరు.
కన్నుకి ప్లాస్టరు ఇంకా వేస్తున్నాను.
టీ కింద సాసరు పెట్టుకుంటున్నాను.
ఫోను మోగితే పేరు చెప్తున్నాను.
మొదటి అక్షరంలో కొంచెం గాలి పోతుంది.
"ఎవరూ?" అంటారు అవతల.

మళ్ళీ చెప్తాను.